ట్యాంకు మూత ఎవరు వేస్తారు?



పోయిన నెల ఒక చెల్లి మమ్మల్ని అడిగింది. "అక్కా, మా హాస్టల్లో కూడా కమిటీ పెట్టుకోవాలనుకుంటున్నాం. మీరెలా పెట్టారు? వార్డెన్ గారు ఒప్పుకున్నారా? ఇంట్లో తిట్టలేదా?" అని. రెండు ముక్కల్లో చెప్పలేకపోయాం. అందుకే కూర్చుని రాస్తున్నాం. పొడుగ్గా ఉంటది, ఓపికగా చదవండి.

రాసే చెయ్యి ఒకటే అయినా 'మేము' అనే రాస్తున్నాం. ఎందుకో చదివితే మీకే తెలుస్తది. కాలేజీ పేరు, హాస్టల్ పేరు పెట్టడం లేదు. ఒకరి మీద బురద చల్లడానికి రాయట్లేదు. మాలాంటి హాస్టళ్ళు ఏజెన్సీలో చాలా ఉన్నాయి, చదివేవాళ్ళకి సొంత హాస్టలే గుర్తొస్తది.

మాది డిగ్రీ అమ్మాయిల హాస్టల్. ముంచంగిపుట్టు, పెదబయలు, హుకుంపేట, డుంబ్రిగుడ వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. ఒక గదిలో కువి వినిపిస్తది, పక్క గదిలో ఆదివాసీ ఒడియా, వరండాలోకి వస్తే తెలుగు. మాలో ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. సెమిస్టర్ అంటే ఏంటో అమ్మానాన్నలకి తెలీదు. "పరీక్ష పాసయ్యావా అమ్మా?" అని అడుగుతారు, అంతే. సీటు వచ్చిన రోజు కొందరి ఇళ్ళల్లో కోడి కోసారు.

అలా వచ్చినవాళ్ళకి నోరు తెరిచి "ఇది బాలేదు" అనడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. బాత్రూమ్ తలుపుకి గడియ లేకపోతే ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట కాపలా ఉండేవాళ్ళం. లైట్లు లేని దారిలో రాత్రి పూట సెల్ ఫోన్ వెలుగులో నడిచేవాళ్ళం. "ఉచితంగా తిండి పెట్టి చదివిస్తుంటే ఇంకా అడుగుతారా?" అన్న మాట ఎన్నిసార్లు విన్నామంటే, చివరికి మేమే ఒకరికొకరం ఆ మాట చెప్పుకోవడం మొదలుపెట్టాం. కొత్తగా వచ్చిన చెల్లెళ్ళు ఏదైనా అడిగితే సీనియర్లమైన మేమే "సర్దుకోవే" అన్నాం. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

సర్దుకోవడం ఎక్కడిదాకా వెళ్ళిందో ఆ ఆగస్టులో తెలిసింది.

ఆదివాసీ దినోత్సవానికి దింసా ప్రాక్టీసు చేస్తున్న రోజులు. వరసలో ఉన్న ఒక అమ్మాయి చెయ్యి వదిలేసి పక్కకెళ్ళి వాంతి చేసుకుంది. ఎండకి అనుకున్నాం. రెండు రోజులకి కళ్ళు పచ్చగా మారాయి. తర్వాత పక్క మంచం అమ్మాయికి. మూడు వారాల్లో పదకొండు మందికి పచ్చకామెర్లు. కొందరు పీహెచ్‌సీకి వెళ్ళారు, కొందరిని ఇంటివాళ్ళు వచ్చి పసరు మందుకి తీసుకెళ్ళారు. పీహెచ్‌సీలో డాక్టర్ గారు ముందు అడిగిన మాట, "తాగే నీళ్ళు ఎక్కడివి?"

ఆ పదకొండు మందిలో మొదటి సంవత్సరం చెల్లి ఒకామె ఉంది. పేరు రాయొద్దంది, రాయం. రోడ్డు దిగాక గంటన్నర నడవాలి వాళ్ళ ఊరికి. ఆ ఊరి నుంచి డిగ్రీలో చేరిన మొదటి ఆడపిల్ల ఆమే. వాళ్ళ నాన్న గొడుగు, చోడిపిండి సంచి పట్టుకుని వచ్చాడు. పిండి తిరిగి తీసుకుపోలేక మాకే ఇచ్చేసాడు. బిడ్డ ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని వెళ్తూ ఒక మాట అన్నాడు:

"మా ఊటనీళ్ళు తాగి పెరిగింది, ఒక్కరోజు పడుకోలేదమ్మా. సదువు పడింది గానీ, ఇక్కడి నీళ్ళే పడలేదు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళ గ్లాసు మాత్రం ప్రతి ఒక్కరూ ఒకసారి వెలుతురులో పెట్టి చూసుకున్నారు. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి.

మొదట మేం చేసింది తప్పే. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర కూర్చున్నాం. "తాగునీరు కావాలి" అని అరిచాం. గంటలో అందరి ఇళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి. మధ్యాహ్నానికి ఒకరి అమ్మ ఏడుస్తా, ఒకరి నాన్న తిడతా ఫోన్లు. సాయంత్రానికి గేటు దగ్గర ఏడుగురం మిగిలాం. ముందు వరసలో కూర్చున్న ఇద్దర్ని పిలిచి "మీరే కదా లీడర్లు" అని నిలబెట్టారు. మిగిలినవాళ్ళం కిటికీల్లోంచి చూసాం. ఒక్కరం కూడా బయటికి వెళ్ళి పక్కన నిలబడలేదు.

ఆ వారం మా ఊరి అన్న ఒకాయన కలిసాడు. సచివాలయంలో పనిచేస్తాడు. అంతా విని, "అరిచిన మాట గాల్లో పోద్ది, రాసిన మాటకి నంబరు వస్తది. నంబరు ఉన్న కాగితాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మూసెయ్యాల. ఊరికే మూసెయ్యలేరు, ఏదో ఒకటి రాసి మూసెయ్యాల" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "ఏం కావాలో మీకే సరిగా తెలీదు. నీళ్ళు బాలేదు అంటన్నారు. ఎక్కడ బాలేదు? బోర్లోనా, ట్యాంకులోనా, పైపులోనా?"

మాకు తెలీదు. అక్కడ మొదలైంది కమిటీ.

మా కాలేజీలో విద్యార్థి సంఘం ఎన్నికలు లేవు. మాకు ముందు చదివిన అక్కలు కూడా చూడలేదు. పుస్తకంలో మాత్రం ఉన్నాయి. లింగ్డో కమిటీ సిఫార్సుల్ని అమలు చెయ్యమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. డిగ్రీ వాళ్ళకి 17 నుంచి 22 ఏళ్ళ వయసు, 75 శాతం హాజరు, ఒక అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. ఇవన్నీ చదివాం. మా ఎన్నికకి ఐదు రూపాయలు కూడా అవ్వలేదు. ఓట్లు చింతపిక్కలు. గదికి ఒకరు చొప్పున పదకొండు మంది. పోటీ ఉన్న గదుల్లో డబ్బాలు పెట్టాం, ఇష్టమైన డబ్బాలో పిక్క వెయ్యడమే. సెమిస్టర్ అయిపోగానే మళ్ళీ కొత్తవాళ్ళు. ప్రిన్సిపాల్ గారికి పేర్లు రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాం. వార్డెన్ గారు ఒప్పుకున్నారా అని అడిగింది కదా చెల్లి. మొదట ఒప్పుకోలేదు. "కమిటీ ఎందుకు, నాకు చెప్తే సరిపోదా?" అన్నారు. "మీకే చెప్తాం మేడం, కాకపోతే పుస్తకంలో రాసి చెప్తాం" అన్నాం. కాసేపు మా మొహాలు చూసి, సరే అన్నారు.

మూడు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, ఆఫీసరు దగ్గరికైనా వార్డెన్ గారి దగ్గరికైనా ఒక్కరే వెళ్ళకూడదు, ముగ్గురు వెళ్ళాలి. రెండు, కమిటీలో తెలుగు సరిగా రాని చెల్లెళ్ళ భాష మాట్లాడేవాళ్ళు కచ్చితంగా ఉండాలి. మూడు, చూడనిది రాయకూడదు.

మూడో నియమం వల్లే ఎక్కువ నేర్చుకున్నాం. వారం రోజులు నోటు పుస్తకం పట్టుకుని హాస్టల్ మొత్తం తిరిగాం. ఎన్ని బాత్రూములు, ఎన్నింటికి గడియలు, దారిలో ఎన్ని స్తంభాలు, ఎన్నింటికి లైట్లు. తొమ్మిది స్తంభాల్లో రెండే వెలుగుతున్నాయి. మూడు సోలార్ దీపాలు. పైన పలక మెరుస్తా ఉంది, కింద బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో. పర్యావరణం కోసం పెట్టిన దీపం కిందే చీకటి. వస్తువు తేవడం ఒక పని, దాన్ని చూసుకోవడం ఇంకో పని అని అప్పుడే అర్థమైంది.

ట్యాంకు ఎక్కడానికి నిచ్చెన లేదు. ఇద్దరు చెల్లెళ్ళు చింతచెట్టు ఎక్కి మీదకి దిగారు. కొండ మీద తేనెపట్టుకి ఎక్కేవాళ్ళకి ఇదేం లెక్క. పైనుంచి ఒకామె అరిచింది: "అక్కా, మూత లేదు!" మూత పక్కనే పడుంది. లోపల ఆకులు, పావురం ఈకలు, ఒక ప్లాస్టిక్ మగ్గు.

పీహెచ్‌సీకి వెళ్ళి ఏఎన్ఎమ్ అక్కని అడిగితే నీళ్ళు పరీక్ష చేసే చిన్న సీసాలు రెండిచ్చింది. గీత వరకు నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చని చోట పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్ళల్లో మలం కలిసిందని అనుమానించాలి. ఒక సీసాలో బోరు నీళ్ళు నేరుగా పట్టాం, ఇంకో దాంట్లో ట్యాంకు కుళాయి నీళ్ళు. మర్నాడు సాయంత్రానికి ట్యాంకు సీసా బొగ్గులా అయింది. బోరు సీసా మారలేదు. బాగుంది, తప్పంతా ట్యాంకుదే అనుకున్నాం. పది రోజులకి పెద్ద వాన పడ్డాక మళ్ళీ చేస్తే బోరు సీసా కూడా నల్లబడింది. అప్పుడు తాడు తెచ్చి కొలిచాం. బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య 22 అడుగులు. కనీసం 50 అడుగులైనా ఉండాలంటారు. వానకి నేల తడిసినప్పుడు లోపల్లోపల నీళ్ళు కలుస్తాయి. మేం గ్లాసు వెలుతురులో పెట్టి చూసుకున్న రోజు నీళ్ళు తెల్లగా ఉన్నాయి కదా, కంటికి కనిపించేది కాదు అది. తాగే నీళ్ళు ఏ 100 మిల్లీలీటర్లు పట్టి చూసినా ఈ.కోలి ఉండకూడదని మన దేశ ప్రమాణం. క్లోరిన్ వేసిన అరగంట తర్వాత కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నీళ్ళల్లో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతది, అదే పరీక్ష. మా కుళాయిలో రంగే రాలేదు.

ఇంకో పని, సమాచార హక్కు చట్టం కింద అర్జీ. పది రూపాయల ఫీజు, పేదరిక రేఖకి దిగువన ఉన్నవాళ్ళకి అదీ లేదు. తెల్లకార్డు జిరాక్సు జత చేసాం. రెండే ప్రశ్నలు: ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు, నీళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేసారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చారు. "సదరు రికార్డులు అందుబాటులో లేవు" అని. మాలో ఒకామె నిరాశగా "ఏమీ లేదే" అంది. సచివాలయం అన్న మాత్రం నవ్వాడు. "లేదు అని సంతకం పెట్టి ఇచ్చారు కదమ్మా, దాన్ని మించిన కాగితం మీకెక్కడ దొరుకుద్ది?"

ఇక్కడ మా తప్పులు కూడా రాయాలి. రాయకపోతే ఇది పొగుడుకోవడం అవుద్ది.

ఆ ప్లాస్టిక్ మగ్గు మాదే. ఎండాకాలం కుళాయి రానప్పుడు చెట్టెక్కి, మూత తీసి, మగ్గుతో ముంచుకున్నది మా సీనియర్లు, తర్వాత మేము. మూత మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. బాత్రూములు ఊరికే జామ్ అయ్యేవి. మనిషిని పెట్టి తీయించిన రోజు బయటపడ్డవి మేం పడేసిన ప్యాడ్లు. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఎవరికి వాళ్ళం అందులో వేసేసేవాళ్ళం. వెనకాల కాలవ నిండా ఫంక్షన్లకి వాడిన ప్లేట్లు, గ్లాసులు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసుల్ని 2022 జూలై 1 నుంచే దేశమంతా నిషేధించారు. మా అమ్మలు అడవికి పోయి అడ్డాకులు ఏరుకొచ్చి, ఎండబెట్టి, ఈనుపుల్లలతో కుట్టి సంతలో అమ్ముతారు. ఆ డబ్బుతో మా బస్సు చార్జీలు. మేమేమో ఆదివాసీ దినోత్సవానికి ప్లాస్టిక్ ప్లేట్లలో తిన్నాం.

కాబట్టి అర్జీ రాసేటప్పుడు కాగితం మధ్యలో గీత గీసాం. ఎడమ పక్క 'ప్రభుత్వం చెయ్యాల్సినవి', కుడి పక్క 'మేం చేస్తాం' అని. ఎడమ పక్క: బోరు మార్చడం లేదా సెప్టిక్ ట్యాంకు మార్చడం, ట్యాంకుకి తాళం ఉన్న మూత, నిచ్చెన, క్లోరిన్ మందు, గడియలు, దారి లైట్లు, ప్యాడ్లు కాల్చే మిషను. కుడి పక్క: నెలకోసారి ట్యాంకు కడగడం, రోజూ క్లోరిన్ పరీక్ష చేసి పుస్తకంలో రాయడం, చెత్త వేరు చెయ్యడం, ఫంక్షన్లకి అడ్డాకు విస్తర్లే వాడటం. లైట్ల గురించి ఒక లెక్క కూడా పెట్టాం. గదుల్లో, వరండాల్లో 60 పాత ట్యూబులున్నాయి, ఒక్కోటి 40 వాట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకి ఐదు గంటలు వెలిగినా, రోజుకి 6 యూనిట్లు మిగుల్తాయి, నెలకి 180. దారి దీపాలకి కరెంటు బిల్లు ఎక్కువవుద్ది అన్నవాళ్ళకి అది మా జవాబు.

సంతకాల దగ్గర ఆగిపోయాం. మొదటి సంతకం ఎవరిది? గేటు దగ్గర నిలబెట్టిన ఇద్దరి మొహాలు గుర్తొచ్చాయి. అప్పుడు మాలో ఒకామె కంచం తెచ్చి కాగితం మీద బోర్లించి చుట్టూ గీసింది. "దీని చుట్టూ పెట్టండే. దింసాలో మొదలెవరు, చివరెవరు?" అంది. మూడు కాగితాల మీద మూడు గుండ్రాలు నిండాయి. ఈ పోస్టులో 'నేను' అని రాయకపోవడానికి కారణం అదే.

అర్జీ ఇంకా ఇవ్వలేదు, ఈలోగా దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. "మీ అమ్మాయి చదువు మానేసి రాజకీయాలు చేస్తంది" అని ఎవరో మాలో ఇద్దరి ఇళ్ళకి చెప్పారు. ఒకామె నాన్న, "సామాను సర్దుకో, వస్తన్నాను" అన్నాడు. మా కమిటీ ఆ రాత్రే అయిపోయింది అనుకున్నాం. ఏడ్చాం కూడా.

తర్వాత ఆలోచించాం. ఇంట్లోవాళ్ళు ఎందుకు భయపడుతున్నారు? వాళ్ళకి ఏం జరుగుతుందో మేం చెప్పలేదు. తిడతారని దాచాం. కాబట్టి తర్వాతి సంత రోజు అందరి అమ్మానాన్నల్నీ, వచ్చినవాళ్ళని వచ్చినట్టే, హాస్టల్‌కి రమ్మన్నాం. సంతకి ఎలాగూ వస్తారు. ముప్పై మంది పైగా వచ్చారు. ఉపన్యాసం ఏమీ లేదు. నల్లబడిన సీసా చేతికిచ్చాం. బోరు దగ్గర నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా నడిపించాం. ఒక అమ్మమ్మ ఆ సీసా వాసన చూడబోయి ఆగి, కువిలో ఏదో అంది. మా చెల్లి తెలుగులో చెప్పింది: "ఇంట్లో ఆవుకి కూడా ఇవి పొయ్యం అంటంది." సామాను సర్దుకోమన్న నాన్న చాలాసేపు ఆ 22 అడుగుల చోట నిలబడ్డాడు. తర్వాత మా కాగితం అడిగి, గుండ్రం బయట వేలిముద్ర వేసాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ వేసారు.

గ్రీవెన్స్ రోజు ముగ్గురం వెళ్ళాం. మాకంటే ముందు తెల్లవారకుండా నడిచొచ్చిన ముసలివాళ్ళు వరండాలో కూర్చునున్నారు. చేతుల్లో చెమటకి మెత్తబడిన కాగితాలు. చదువుకున్న మాకే భయం వేస్తుంటే, వాళ్ళెన్నేళ్ళుగా ఇలా వస్తున్నారో అనిపించింది. ఇద్దరు తాతలకి అర్జీ మేమే రాసిపెట్టాం. మా వంతు వచ్చాక ఆఫీసరు గారు కాగితం తిప్పి తిప్పి చూసి, "లీడర్ ఎవరమ్మా?" అన్నారు.

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మేమే సార్" అన్నాం.

ఆయన కొంచెం నవ్వారు. కుడి పక్క చదివి, "ఇవి నిజంగా చేస్తారా?" అన్నారు. "మొదలెట్టేసాం సార్" అని క్లోరిన్ పుస్తకం చూపించాం. రసీదు నంబరు ఇచ్చారు.

ఏమైందో ఉన్నది ఉన్నట్టు చెప్తాం. మూత, తాళం, నిచ్చెన, క్లోరిన్ మందు నెల లోపే వచ్చాయి. గడియలు అన్నీ వేసారు. తొమ్మిది స్తంభాల్లో ఇప్పుడు ఏడు వెలుగుతున్నాయి. ఎల్‌ఈడీలు సగం గదులకే వచ్చాయి. ప్యాడ్ల మిషను రాలేదు, మూత ఉన్న డబ్బాలు వచ్చాయి. బోరు మారలేదు. "ఎస్టిమేట్ పంపాం" అంటున్నారు. నంబరు ఇంకా మూసెయ్యలేదు, నెలకోసారి వెళ్ళి అడుగుతున్నాం. కొండ వైపు ఊట నుంచి పైపు వెయ్యొచ్చు కదా అంటే ఒకరు "అది ఫారెస్టు, కుదరదు" అన్నారు. మేం 2006 అటవీ హక్కుల చట్టం తీసి చదివాం. సెక్షన్ 3(2) ప్రకారం తాగునీటి పైపులు, బడులు, కరెంటు లైన్లు, రోడ్లు లాంటి పనులకి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు ఉండాలి. ఇప్పుడు ఆ ఊరి గ్రామసభలో పెట్టించే పనిలో ఉన్నాం.

ఇదంతా అయ్యాక నవంబరులో ఆ చెల్లి ఊరికి వెళ్ళాం. రోడ్డు దిగి నడిచి, గెడ్డ దాటి. ఆమె కోలుకుంది, చోళ్ళు కోస్తా కనిపించింది. సెమిస్టర్ పరీక్షలు పోయాయి. వాళ్ళ నాన్న కుర్చీ వేసి కూర్చోబెట్టి, అంబలి ఇచ్చి, ఒక్కటే అడిగాడు:

"అక్కడ నీళ్ళు ఎవరు చూస్తన్నారు?"

"ఆఫీసు వాళ్ళు మందు ఇచ్చారు మావా..." అని మొదలెట్టాం.

"ఇచ్చింది కాదమ్మా. చూస్తంది ఎవరు?"

లేచి మమ్మల్ని ఊరి పైన ఊట దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ రాళ్ళు, ఇసక వేసి కట్టిన తొట్టి ఉంది, దాన్నించి పైపు ఊళ్ళోకి వస్తది. ఇల్లిల్లూ వంతు. వానలకి ముందు ఒకసారి, పండగలకి ముందు ఒకసారి ఇసక తీసి కడుగుతారు. ఎవరి వంతో అందరికీ తెలుసు, పుస్తకం అక్కర్లేదు. వంతు తప్పితే ఊళ్ళో మాట పడాలి. ఊట చుట్టూ చెట్లు కొట్టరు. మాకు కాలేజీలో చెప్పే 'సుస్థిర అభివృద్ధి' ఆ తొట్టి దగ్గర ఉంది. మాలో చాలామంది ఊళ్ళల్లో కూడా ఉంది. హాస్టల్‌కి వచ్చేటప్పుడు పెట్టెలో బట్టలు తెచ్చుకున్నాం గానీ ఆ వంతు తెచ్చుకోలేదు. ఇక్కడ అన్నీ వేరేవాళ్ళవి అనుకున్నాం. ట్యాంకు గవర్నమెంటుది, మూత వార్డెన్‌ది, కాలవ ఎవరిదీ కాదు.

తిరిగొచ్చి గది వంతులు రాసాం. ఏ వారం ఏ గది పరీక్ష చెయ్యాలి, ఏ నెల ఏ రెండు గదులు ట్యాంకు కడగాలి అని గోడ మీద పెయింటుతో రాసాం. సెమిస్టర్ మారినా, మేం పాసై వెళ్ళిపోయినా వంతు ఉండాలి కదా. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. వంతు మేం తీసుకున్నాం అంటే బోరు బాధ్యత వాళ్ళది కాకుండా పోదు. "మీరే చేసుకుంటున్నారు కదా, ఇంకెందుకు అర్జీలు?" అని అప్పుడే అన్నారు కూడా. గీతకి ఎడమ పక్క ఎడమ పక్కే, కుడి పక్క కుడి పక్కే.

ఆ చెల్లి జనవరిలో వచ్చింది. వాళ్ళ నాన్న పెట్టె దించి, మమ్మల్ని పలకరించకుండా ముందు గోడ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. చదవడం రాదు, బిడ్డతో చదివించుకున్నాడు. తర్వాత నిచ్చెన ఎక్కి మూత చూసుకుని దిగాడు. ఆమె సప్లిమెంటరీకి ఫీజు కట్టింది. ఇప్పటికీ కుళాయి నీళ్ళు నేరుగా తాగదు, వంటింట్లో కాచిన నీళ్ళు సొంత సీసాలో పోసుకుంటది. మేం బలవంతం చెయ్యం. బోరు మారే దాకా ఆమె చేస్తున్నదే సరైంది.

కమిటీ పెట్టుకోవాలనుకునే చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి నాలుగు మాటలు. అరవడానికి ముందు కొలవండి. ఏఎన్ఎమ్ అక్కని సీసాలు అడగండి, తాడుతో కొలవండి, తేదీ వేసి రాయండి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, వేరేవాళ్ళ నోటి నుంచి తెలిస్తే భయపడతారు. నీళ్ళు, లైట్ల గురించే కాదు, మీ కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో అడగండి. విద్యార్థులకి సంబంధించిన ఫిర్యాదైతే అందులో ఎన్నికైన విద్యార్థులు ముగ్గురు ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెప్తున్నాయి. మేం అడిగే దాకా మా దగ్గర ఆ పేర్లు గోడ మీద లేవు, ఇప్పుడు ఉన్నాయి. చివరిది, ఎవర్నీ ఒంటరిగా నిలబెట్టొద్దు. గేటు దగ్గర ఆ ఇద్దర్ని మేం నిలబెట్టాం. వాళ్ళకి ఇంకా సరిగా క్షమాపణ చెప్పలేదు. వాళ్ళు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. ఇది చదువుతుంటే, తప్పు మాదే, మన్నించండి.

ఈ వారం ట్యాంకు వంతు మా గదిది. రేపు పొద్దున్నే ఎక్కాలి. ఉంటాం.

జై ఆదివాసీ.